స్లావుల ఇంటిపేర్లు

పదునైదవ శతాబ్దపు ఉత్తరార్ధమున, సుమారు 1470 ప్రాంతమున, రష్యాలోని త్వేర్ నగరమునకు చెందిన ఒక వర్తకుడు సముద్రములు దాటి దక్కనుకు వచ్చెను. బహమనీ సుల్తానుల రాజధానియైన బీదరులో నివసించెను. శివరాత్రి ఉత్సవమునకు యాత్రికులతో కలిసి 'పర్వతము' అను క్షేత్రమునకు పోయెను. అది మన శ్రీశైలమేనని పండితుల అభిప్రాయము. ఈ దేశమున ఆయన ఖ్వాజా యూసుఫ్ ఖొరాసానీ అను పేరుతో తిరిగెను. తాను చూచినదంతయు వ్రాసి ఉంచి, స్వదేశమునకు మరలి పోవుచు స్మొలెన్‌స్కు నగరము చేరకముందే మరణించెను. ఆయన అసలు పేరు అఫనాసీ నికీతిన్.

నికీతిన్ అనునది ఆయన ఇంటిపేరని నేటి పాఠకుడు సహజముగా తలచును. కాని ఆ కాలమున అట్టి సామాన్య వర్తకులకు స్థిరమైన ఇంటిపేర్లు లేవు. నికీతిన్ అనగా 'నికీతాయొక్క' అని మాత్రమే అర్థము. తండ్రి పేరు నికీతా కనుక, ఆయన నికీతా కొడుకు అఫనాసీ. ఆయనకు కొడుకు పుట్టి ఉన్నచో, వానిని నికీతిన్ అని గాక అఫనాస్యెవ్, అనగా అఫనాసీ కొడుకు, అని పిలిచి ఉండెడివారు. తరము మారినప్పుడెల్ల మారిపోవు ఇట్టి పేరు ఏనాడు మారుట మానినదో, ఆనాడే అది ఇంటిపేరైనది. ఆ మార్పు ఎప్పుడు ఆగినది? ఎవరు ఆపిరి? స్లావు జాతుల ఇంటిపేర్ల చరిత్రలో ముఖ్యమైన ప్రశ్న ఇదియే.

ప్రత్యయములు

స్లావు భాషలు మాట్లాడువారిలో తూర్పున రష్యన్లు, ఉక్రేనియన్లు, బెలరూసియన్లు. పడమట పోలులు, చెకులు, స్లొవాకులు. దక్షిణమున సెర్బులు, క్రోటులు, స్లొవీనులు, బల్గేరియన్లు మొదలగువారు ఉన్నారు. వీరి ఇంటిపేర్లను చూడగానే వాని చివరనున్న ప్రత్యయములు మన దృష్టిని ఆకర్షించును. రష్యన్, బల్గేరియన్ పేర్లలోని 'ఓవ్', 'యెవ్', 'ఇన్' అనునవి 'ఎవరివాడు?' అను ప్రశ్నకు జవాబులు. మూలపదము అకారముతో ముగిసినచో సాధారణముగా 'ఇన్' చేరును. తక్కినచోట్ల 'ఓవ్' గాని 'యెవ్' గాని చేరును. ఇవాన్ వాడు ఇవనోవ్. నికీతా వాడు నికీతిన్.

ఇవి పుట్టుకచేత విశేషణములు. అందుచేతనే స్త్రీల విషయమున వీని రూపము మారును. 1963లో అంతరిక్షమునకు వెళ్లిన మొదటి మహిళ తెరెష్కోవా. ఆమె తండ్రి తెరెష్కోవ్. పోలెండులో పుట్టిన శాస్త్రజ్ఞురాలు మరియా క్యూరీ పుట్టింటివారి పేరు ఆమె విషయమున స్క్లొడొవ్‌స్కా. ఆమె తండ్రి విషయమున స్క్లొడొవ్‌స్కీ.

సెర్బులు, క్రోటులు వాడు 'ఇచ్' అను ప్రత్యయమునకు 'చిన్నవాడు, బిడ్డ' అని భావము. యొవానొవిచ్ అనగా యొవాన్ బిడ్డ. ఉక్రేనియన్ల 'ఎంకో' కూడ ఇట్టిదే. పోలుల 'స్కీ' మొదట 'ఫలానా ఊరికి చెందిన' అను అర్థమున పుట్టినది. ఒక్క ఉదాహరణముతో ఈ భేదము స్పష్టమగును. కమ్మరి వంశమువాడు రష్యాలో కుజ్నెత్సోవ్, ఉక్రేనులో కొవాలెంకో, పోలెండులో కొవాల్‌స్కీ, స్లొవాకియాలో కొవాచ్, సెర్బియాలో కొవాచెవిచ్, బల్గేరియాలో కొవాచెవ్ అగును. వీనన్నిటికిని మూలము లోహమును కొట్టుట అను అర్థముగల ఒకే ధాతువు.

నలుగురు పిలిచిన పేర్లు

తండ్రి పేరు, వృత్తి, ఊరు, ఎగతాళి పేరు - ఈ నాలుగింటినుండియే ఇంటిపేర్లలో చాల భాగము వచ్చినవి. గొంచరోవ్ కుమ్మరి వంశమువాడు. బొందరెంకో పీపాలు చేయువాని బిడ్డ. పొపోవ్ క్రైస్తవ పురోహితుని కొడుకు. ఖగోళ శాస్త్రమును మలుపు త్రిప్పిన కొపెర్నికస్ వంశనామము సైలీషియాలోని కొపెర్నికి అను గ్రామమునుండి వచ్చినది. దోస్తోయెవ్‌స్కీ పూర్వులు నేటి బెలరూస్‌లోని దోస్తోయెవో గ్రామమునకు చెందినవారు. విద్యుచ్ఛాస్త్రజ్ఞుడు నికోలా టెస్లా ఇంటిపేరునకు సెర్బుల భాషలో వడ్రంగి వాడు బాడిస అని అర్థము.

మాస్కోనుండి వెలువడిన అనువాదముల మూలమున తెలుగువారికి ఇంటి మనిషివలె పరిచయమైన టాల్‌స్టాయ్ పేరునకు 'లావుపాటివాడు' అని అర్థము. పూష్కిన్ కవి వంశకర్తలలో ఒకనికి 'పూష్క', అనగా ఫిరంగి, అను మారుపేరు ఉండెడిది. శాస్త్రజ్ఞుడు లొమొనోసోవ్ ఇంటిపేరులో 'ముక్కు విరుచువాడు' అను మాట దాగి ఉన్నది. గగారిన్ అను పేరు 'గగార' అను నీటిపక్షినుండి పుట్టినది.

నెక్రాసోవ్ వంటి పేర్లు మరియొక విధమైనవి. 'నెక్రాస్' అనగా అందము లేనివాడు. బిడ్డ కురూపియై పుట్టుటచేత ఈ పేరు పెట్టలేదు. దుష్టశక్తుల కన్ను పడకుండుటకై పెట్టిరి. తెలుగునాట పుట్టిన బిడ్డలు దక్కనప్పుడు, తరువాతి బిడ్డకు పెంటయ్య అని పేరు పెట్టుటలో ఉన్న భావమే ఇది. సెర్బులు ఇదే ఉద్దేశముతో బిడ్డకు వూక్, అనగా తోడేలు, అని పేరు పెట్టెడివారు. వూకొవిచ్ అను ఇంటిపేరు దానినుండి వచ్చినదే.

పోలెండులోను, చెక్ దేశములోను, స్లొవీనియాలోను మిక్కిలి వ్యాప్తిలోనున్న ఇంటిపేరు నోవాక్. దీనికి 'కొత్తగా వచ్చినవాడు' అని అర్థము. క్రొయేషియాలో మిక్కిలి వ్యాప్తిలోనున్నది హొర్వాత్; దీనికి 'క్రోటు జాతివాడు' అని అర్థము. క్రోటుల దేశములో ఒకనిని క్రోటు అని వేరుగా పిలువనేల? తురుష్క సైన్యములు ముందుకు వచ్చినపుడు దక్షిణ ప్రాంతములనుండి అనేక కుటుంబములు ఉత్తరమునకు వలసపోయినవి. అచ్చటివారు ఆ కాందిశీకులను వారు వచ్చిన చోటునుబట్టి పిలిచిరి. ఈ విధముగా ఆ పేరు ఒక వలసకు గుర్తుగా నిలిచినది.

పేరు కదలక నిలిచిన నాడు

వాడుక పేరును స్థిరపరచినవి రిజిస్టర్లు. కేథలిక్ దేశములలో 1563లో ముగిసిన ట్రెంటు మహాసభ తరువాత, చర్చీలు జ్ఞానస్నానములను, వివాహములను క్రమముగా నమోదు చేయసాగినవి. అందుచే క్రోటులు, స్లొవీనులు, పోలులలో ఇంటిపేర్లు ముందుగా స్థిరపడినవి. హాబ్స్‌బర్గు చక్రవర్తుల రాజ్యమున 18వ శతాబ్దపు చివర రెండవ జోసెఫ్ కాలమున ఇంటిపేరు విధిగా ఏర్పడినది. సెర్బియాలో 1851 నాటి ఉత్తరువుతో తరతరమునకు పేరు మార్చుట నిషిద్ధమైనది. పన్ను వసూలు చేయుటకు, సైన్యములో చేర్చుకొనుటకు, ఆస్తి తగవులు తీర్చుటకు ప్రభుత్వమునకు మారని పేరు కావలసి వచ్చినది.

రష్యాలో ఇంటిపేరు అంతస్తుల వెంబడి మెల్లగా క్రిందికి దిగినది. మొదట రాజవంశీయులకు, జమీందార్లకు. తరువాత గొప్ప వర్తకులకు. 18వ శతాబ్దమున మతగురువులకు ఏర్పడినది. తండ్రి పేరునకు 'విచ్' చేర్చి గౌరవముగా పిలిపించుకొనుట సైతము అందరికిని లభించు హక్కు కాదు. 1610లో జారు చక్రవర్తి స్ట్రోగనోవ్ అను ధనిక వర్తక కుటుంబమునకు దానిని ప్రత్యేకముగా అనుగ్రహించెను.

మతగురువుల బిడ్డలకు వేద పాఠశాలలలో ఉపాధ్యాయులే ఇంటిపేర్లు ఇచ్చుట ఆచారముగా నుండెను. త్రిత్వము పేరిట వెలసిన చర్చివాడు త్రొయిత్‌స్కీ అయ్యెను. ఒక పల్లెటూరి గురువు కొడుకునకు లాటిను భాషలో 'ఆశించుట' అను అర్థముగల మాటనుండి స్పెరాన్‌స్కీ అని పేరిడిరి. అతడు తరువాత రష్యను సామ్రాజ్యపు శాసనములను క్రోడీకరించిన రాజనీతిజ్ఞుడు మిఖయీల్ స్పెరాన్‌స్కీ (1772-1839).

నికీతిన్ పుట్టిన త్వేర్ ప్రాంతముననే పావెల్ సొకొలోవ్ అను మతగురువు ఉండెను. ఆయన నలుగురు కొడుకులలో ఒక్కడే సొకొలోవ్‌గా మిగిలెను. తక్కిన మువ్వురు పొక్రోవ్‌స్కీ, తిహమండ్రిత్‌స్కీ, మెండలీవ్ అయిరి. మూడవ పేరు పొరుగున నున్న ఒక జమీందారుది. ఇవాన్ అను కొడుకునకు దానిని తగిలించిరి. ఆ ఇవాన్ కుమారుడే 1869లో మూలకముల ఆవర్తన పట్టికను ప్రకటించిన ద్మీత్రీ మెండలీవ్. 1955లో కనుగొన్న 101వ మూలకమునకు మెండలీవియం అని పేరు పెట్టిరి. రక్తసంబంధము లేని ఒక జమీందారు ఇంటిపేరు ఈ విధముగా రసాయన శాస్త్రమున శాశ్వతమైనది.

పేరు లేనివారు

ఈ వరుసలో అందరికన్న అడుగున ఉన్నవారు దాస రైతులు. వీరు భూమితో పాటు జమీందారునకు చెందినవారు. వీరిని అమ్ముటయు, కొనుటయు కలదు. పన్ను పట్టీలలో వీరి పేరు, తండ్రి పేరు ఉండెడివి. ఊరిలో పిలుపు పేరు ఉండినను, కాగితముపై నిలిచిన ఇంటిపేరు చాలమందికి లేదు. కొసాక్కుల దేశమైన ఉక్రేనులో స్థితి కొంత వేరు. 1649లో సుమారు 40 వేలమంది కొసాక్కు సైనికుల పట్టిక తయారైనది. అందు సామాన్యుల వంశనామములు ఎన్నో కలవు. కాని పేరుండుట స్వేచ్ఛ కాదు. ఉక్రేనియన్ మహాకవి తరాస్ షెవ్‌చెంకో పేరునకు 'చెప్పులు కుట్టువాని బిడ్డ' అని అర్థము. ఆయన దాసుడై పుట్టెను. 1838లో స్నేహితులు 2,500 రూబుళ్లు యజమానికి చెల్లించి ఆయనను విడిపించిరి.

పేరును ఇచ్చినట్లే తెగకోయుటయు కలదు. వివాహము వెలుపల పుట్టిన కొడుకునకు ప్రభువులు తమ ఇంటిపేరును సగము చేసి ఇచ్చెడివారు. త్రుబెత్‌స్కోయ్ రాకుమారుని అట్టి కుమారుడు ఇవాన్ బెత్‌స్కోయ్. మాస్కోలో అనాథ శిశువులకు గృహమును నెలకొల్పినవాడు ఆయనయే.

1861లో దాస్యము రద్దు కాగా, జమీందార్ల అధీనమునుండి సుమారు 2 కోట్ల 30 లక్షలమంది విముక్తులైరి. ఇంటిపేరు లేనివారికి ఇప్పుడు అది అవసరమైనది. కొందరు తాత పేరును, కొందరు ఊరి పిలుపును గ్రహించిరి. కొందరికి పాత యజమాని పేరే అంటుకొన్నది. ఇంటిపేరు కలిగి ఉండుట ప్రతివాని హక్కు మాత్రమే గాక విధియనియు 1888లో సెనేటు నిర్ణయించెను.

పేరుపై హక్కు

ఇరువదవ శతాబ్దమున ఈ చరిత్ర మరియొక మలుపు తిరిగినది. బల్గేరియాలో నివసించు తురుష్కులు స్లావులు కారు. వారి పేర్లు వారి భాషకు, మతమునకు చెందినవి. 1984 డిసెంబరునుండి 1985 ఆరంభము వరకు అచ్చటి ప్రభుత్వము ఎనిమిది లక్షలకు పైగా ప్రజల పేర్లను బలవంతముగా మార్చి, బల్గేరియన్ పేర్లు ఇచ్చెను. గతించినవారి పేర్లు సైతము రికార్డులలో మారినవి. ఎదిరించినవారు చెరసాలల పాలైరి. కొందరు ప్రాణములు కోల్పోయిరి. 1989లో మూడు లక్షలకు పైబడి ప్రజలు తుర్కియేకు తరలిపోయిరి. ఆ సంవత్సరాంతమున ప్రభుత్వము కూలినది. 1990 మార్చిలో చేసిన చట్టముతో వారు తమ పూర్వనామములను తిరిగి పొందగలిగిరి.

పేరు లేని దాసునకు పేరు లభించుట ఒక విముక్తి. ఉన్న పేరు పోవుట ఒక దాస్యము. ఒకే 'ఓవ్' ప్రత్యయము 19వ శతాబ్దపు రష్యను రైతునకు మొదటి గుర్తింపైనది. 1985లో బల్గేరియా తురుష్కునకు సంకెలయైనది. దక్కనులో అఫనాసీ వేరొక పేరు ధరించినను, దానిని ధరించినవాడు తానే. మరల విడిచినవాడును తానే. తన గ్రంథమున మాత్రము నికీతా కొడుకుగానే నిలిచెను.