ద్రాక్షకు నీళ్లు ఆపడం నేర్చిన కథ

గోదావరి డెల్టా రైతుకు చేనికి నీళ్లు పెట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్టతో కాలువ చేను గట్టు దాకా వచ్చింది. వరి, కొబ్బరి, అరటి, తమలపాకు అన్నీ తడి కోరేవే. ఆ తడే ద్రాక్షకు పడదు. నీరు నిలిచే బరువు నేలలో వేరు ఊపిరాడక చస్తుంది, తేమగాలికి ఆకు బూజు పడుతుంది.

అందుకే తెలుగునేల మీద ద్రాక్ష హైదరాబాద్ చుట్టుపక్కల మెట్టల్లో నిలదొక్కుకుంది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అక్కడికి తెచ్చిన అనాబ్-ఎ-షాహీ రకం పందిళ్లకెక్కి పేరు తెచ్చుకుంది. గింజ ఉన్నా కోల కాయ, బారెడు గుత్తి! నీళ్లు మాత్రం బావివే. బోదె తీసి పాదుల్లోకి పారించడమే అప్పటి పద్ధతి.

అసలు విద్య నీళ్లు పెట్టడంలో లేదు, ఎప్పుడు తగ్గించాలో తెలియడంలో ఉంది. మన దగ్గర ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో కొత్త కొమ్మల కోసం ఒకటి, అక్టోబరులో కాపు కోసం ఇంకొకటి. వేసవి కత్తిరింపు తర్వాత చిగురు వచ్చేదాకా ధారాళంగా పెడతారు. నెలా పదిరోజులు దాటాక చెయ్యి బిగిస్తారు. వచ్చే కాపుకి పూమొగ్గ కొమ్మ కణుపులో రూపు కట్టేది అప్పుడే. అప్పుడు నీళ్లు ఎక్కువైతే తీగ ఏపుగా పాకుతుంది, కాపు మాత్రం పలచబడుతుంది. కాయ ఊరేటప్పుడు మళ్లీ నీళ్లు కావాలి. కోతకు ముందు మళ్లీ తగ్గించాలి, లేకపోతే తీపి చప్పబడుతుంది. పండే వేళ వాన పడితే ఇక చెప్పక్కర్లేదు, కాయ పగులుతుంది.

పాదులో పారించే నీటికి ఇంత లెక్క కుదరదు. కుదిర్చింది డ్రిప్పు. ఇజ్రాయెల్‌కు చెందిన సిమ్చా బ్లాస్ ఆలోచనను 1965లో హట్జెరిమ్ అనే కిబ్బుట్జ్ (ఉమ్మడి సేద్యం చేసుకునే పల్లె) పరిశ్రమగా మార్చింది. డ్రిప్పర్ గంటకు 4 లీటర్లో, 8 లీటర్లో వదులుతుంది, వాల్వు కట్టేస్తే ఆగుతుంది. 2003 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్య పథకం రాయితీతో దాన్ని మామూలు రైతు దాకా తెచ్చింది. బోర్లు ఎండుతున్న రోజులవి, ఇష్టం కన్నా అవసరమే ఎక్కువ నడిపించింది.

రాజమండ్రిలో పెరట్లో ఒక తీగ పాకించుకుందామనుకునేవారికి ఒక మాట: ఎత్తు చేసిన మట్టిమీద నాటండి, కాయ మెత్తబడి రంగు తిరిగాక నీళ్ల గొట్టం జోలికి వెళ్లకండి.