పాత ట్రాక్టర్ ఇంజన్‌కు శుభ్రమైన గాలి: రైతులు పాటించాల్సిన జాగ్రత్తలు

ట్రాక్టర్ పాతబడి లాగడం తగ్గినా, నల్లపొగ ఎక్కువైనా చాలామంది రైతులు ముందుగా డీజిల్ పంపును, నాజిళ్లను అనుమానిస్తారు. కొందరు ఎవరో చెప్పిన మాట విని ఎయిర్ క్లీనర్‌ను తీసి పక్కన పెట్టి, ఇంజన్‌కు గాలి నేరుగా అందేలా చేస్తారు. నాలుగు రోజులు బండి బాగా లాగినట్టే అనిపిస్తుంది. ఆ తర్వాత ఇంజన్ ఆయిల్ తాగడం మొదలవుతుంది. చివరకు ఇంజన్ బోరుకు వచ్చి లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చాల్సి వస్తుంది.

పాత ఇంజన్‌కు గాలి ధారాళంగా అందితే చాలదు, ఆ గాలిలో దుమ్ము ఉండకూడదు. ఈ రెండూ ఎయిర్ క్లీనర్‌ను సక్రమంగా చూసుకుంటేనే సాధ్యం. దానికయ్యేది కొద్దిపాటి ఆయిల్, అరగంట సమయం.

ఇంజన్ ఎంత గాలి పీల్చుకుంటుంది?

1 లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే కనీసం 10,000 లీటర్ల గాలి కావాలి. 2,500 సీసీ ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే నిమిషానికి సుమారు 2,000 లీటర్ల గాలి పీల్చుకుంటుంది. అంటే గంటకు లక్ష లీటర్లకు పైమాటే. వేసవి దుక్కులు, రోటావేటర్ పని, చెరువు పూడిక మట్టి తోలకం, వేరుశనగ నూర్పిడి వంటి పనుల్లో ఈ గాలి అంతా దుమ్ముతోనే వస్తుంది.

గాలి తగ్గితే డీజిల్ పూర్తిగా మండక మసిగా మారి నల్లపొగ రూపంలో బయటకు పోతుంది. అదే పనికి డీజిల్ ఎక్కువ ఖర్చవుతుంది.

దుమ్ము లోపలికి పోతే నష్టం ఇంకా పెద్దది. మట్టిలోని సన్నటి ఇసుక రేణువులు లైనర్ ఇనుము కంటే గట్టివి. ఇవి ఆయిల్‌లో కలిసి రింగులను, లైనర్‌ను సాన పట్టినట్టు అరగదీస్తాయి. అప్పుడు కంప్రెషన్ తగ్గి ఉదయం పూట ఇంజన్ త్వరగా స్టార్ట్ కాదు, బరువు లాగలేదు.

ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ సంరక్షణ

పాత ట్రాక్టర్లలో ఎక్కువగా ఉండేది ఈ రకమే. ఇందులో గాలి మధ్య గొట్టం ద్వారా కిందికి వచ్చి గిన్నెలోని ఆయిల్‌ను తాకి ఒక్కసారిగా పైకి మళ్లుతుంది. బరువైన దుమ్ము ఆయిల్‌లో ఉండిపోతుంది. సన్నటి దుమ్మును ఆయిల్‌తో తడిసిన జాలీ పట్టుకుంటుంది.

1. ఆయిల్ మట్టాన్ని రోజూ పని మొదలుపెట్టే ముందు చూడాలి. అప్పుడే ఇంజన్ ఆపి ఉంటే, జాలీలోని ఆయిల్ గిన్నెలోకి దిగేందుకు 10-15 నిమిషాలు ఆగి చూడాలి. ఇంజన్ నడుస్తుండగా గిన్నెను విప్పకూడదు.

2. మామూలు పనుల్లో సుమారు 50 గంటలకు ఒకసారి ఆయిల్ మార్చాలి. మీ ట్రాక్టర్ పుస్తకంలో వేరే లెక్క ఉంటే దాన్నే పాటించాలి. దుమ్ము ఎక్కువగా ఉండే పనుల్లో మాత్రం గంటల లెక్క చూడకుండా రోజూ గిన్నెను విప్పి చూడాలి. అడుగున సుమారు 1 సెంటీమీటరు మందాన బురద పేరుకున్నా, ఆయిల్ చిక్కబడినా వెంటనే మార్చాలి.

3. పాత ఆయిల్ పారబోసి, గిన్నెను డీజిల్‌తో కడిగి, పొడి గుడ్డతో తుడవాలి. కడగడానికి పెట్రోల్ వాడకూడదు. మంటలంటుకునే ప్రమాదం ఉంది. తీసిన ఆయిల్‌ను కాలువలో గానీ పొలంలో గానీ పోయకూడదు.

4. పుస్తకంలో చెప్పిన గ్రేడు కొత్త ఇంజన్ ఆయిల్‌ను గిన్నె మీద ఉన్న గీత వరకే పోయాలి. ఇంజన్ నుంచి తీసిన వాడేసిన ఆయిల్ పోయకూడదు.

5. గీత కంటే తక్కువ పోస్తే దుమ్ము ఆగదు. ఎక్కువ పోస్తే ఆ ఆయిల్‌ను ఇంజన్ పీల్చుకుంటుంది. ఒక్కోసారి ఇంజన్ ఆ ఆయిల్‌తోనే అదుపు తప్పి వేగం అందుకుంటుంది. స్టాప్ లాగినా ఆగదు. అలాంటప్పుడు గాలి పైపు మూతిని చెక్కపలకతో గట్టిగా మూస్తేనే ఇంజన్ ఆగుతుంది. అందుకే 'కాస్త ఎక్కువ పోస్తే ఎక్కువ రోజులు వస్తుంది' అనుకోవడం పొరపాటు.

6. గిన్నెకు పైన ఉండే రబ్బరు వాషర్ గట్టిపడినా, పగిలినా మార్చాలి. పైభాగంలోని జాలీని సర్వీసింగ్ సమయంలో విప్పించి డీజిల్‌తో కడిగి, పూర్తిగా ఆరిన తర్వాతే బిగించాలి.

పేపర్ ఫిల్టర్ ఉన్న ట్రాక్టర్లలో

కాగితం మడతలతో చేసిన బయటి ఫిల్టర్‌ను మాత్రమే శుభ్రం చేసుకోవచ్చు. గాలిని లోపలి నుంచి బయటకు, 30 పీఎస్ఐకి మించని ఒత్తిడితో కొట్టాలి. టైరు పంక్చర్ షాపులో గాలి ఒత్తిడి దీనికంటే చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి తగ్గించి వాడమని చెప్పాలి.

ఫిల్టర్‌ను టైరుకేసి, రాయికేసి కొట్టకూడదు. నీళ్లతో, డీజిల్‌తో కడగకూడదు. శుభ్రం చేశాక లోపల బల్బు పెట్టి చీకట్లో చూడాలి. ఎక్కడైనా చుక్కలా వెలుతురు కనిపిస్తే అక్కడ చిల్లు పడినట్టే, ఆ ఫిల్టర్ పనికిరాదు. లోపల ఉండే చిన్న ఫిల్టర్‌ను శుభ్రం చేయకూడదు, సమయానికి మార్చాలి. కింద ఉండే రబ్బరు వాల్వ్‌ను రోజూ ఒకసారి వేళ్లతో నొక్కి దుమ్ము రాల్చాలి.

పైపులు, క్లిప్పులు తప్పక చూడాలి

ఎయిర్ క్లీనర్ ఎంత బాగున్నా, దాని నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు పైపు పగిలితే ప్రయోజనం లేదు. ఆ పగులు గుండా దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. పాత బండ్లలో ఇంజన్ వేడికి, అదురుకు ఈ పైపు అడుగు భాగంలో పగుళ్లు వస్తాయి. పైనుంచి చూస్తే అవి కనిపించవు. పైపును చేత్తో వంచి చూడాలి.

పైపు విప్పి లోపల తెల్లటి గుడ్డతో తుడవండి. గుడ్డకు మట్టి అంటితే దుమ్ము పోతోందని అర్థం. పగిలిన పైపుకు టేపు చుట్టడం, క్లిప్పుకు బదులు బైండింగ్ తీగ కట్టడం పనికిరాదు. కొత్త పైపు ధరకూ ఇంజన్ పనికయ్యే ఖర్చుకూ పోలికే లేదు.

చిన్న పరీక్ష: బండిని న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేక్ వేయాలి. ఇంజన్‌ను తక్కువ వేగంలో నడుపుతూ, ప్రీ క్లీనర్ తీసేసి పైపు మూతిని చదునైన చెక్కపలకతో మూయాలి. కొన్ని సెకన్లలో ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తూనే ఉంటే మరో చోట నుంచి గాలి లోపలికి పోతున్నట్టే. ఈ పరీక్షకు అరచేతిని వాడకూడదు. తువ్వాలు, లుంగీ అంచులు ఫ్యాన్ దగ్గరకు రాకుండా చూసుకోవాలి.

గాలిని అడ్డుకునే ఇతర కారణాలు

• ప్రీ క్లీనర్‌లో దుమ్ము గీత వరకు నిండితే వెంటనే పారబోయాలి. నూర్పిడి సమయంలో పొట్టు, ఊక దాని రంధ్రాలకు అడ్డం పడతాయి.
• చాలాకాలం నిలిపి ఉంచిన బండికి గాలి పైపులో, సైలెన్సర్‌లో కందిరీగలు, ఎలుకలు గూళ్లు పెడతాయి. స్టార్ట్ చేసే ముందు చూడాలి. పొగ బయటకు పోకపోతే కొత్త గాలి లోపలికి రాదు.
• వేడి గాలి పలుచన. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి అదే పరిమాణంలో సుమారు 6 శాతం తక్కువ బరువుంటుంది. ఎండాకాలంలో రేడియేటర్ జాలీకి పట్టిన పొట్టును దులిపి, బానెట్ రంధ్రాలకు గోనె సంచులు, బోర్డులు అడ్డం లేకుండా చూడాలి.
• ట్యాపెట్ల సందు సరిగా లేకపోతే వాల్వులు పూర్తిగా తెరుచుకోవు. పుస్తకంలో చెప్పిన గంటలకు సరిచేయించాలి.

పొగ రంగును బట్టి గుర్తించడం

నల్లపొగ: గాలి తక్కువైంది, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది, లేదా బండి మీద భారం ఎక్కువైంది. ముందు ఎయిర్ క్లీనర్ చూసి, ఆ తర్వాతే నాజిళ్లు, పంపు చూపించాలి.

నీలిపొగ: ఆయిల్ మండుతోంది. గిన్నెలో ఆయిల్ గీత దాటిందేమో చూడాలి. అక్కడ సరిగ్గానే ఉంటే రింగులు అరిగి ఉండవచ్చు.

వేడెక్కిన తర్వాత కూడా తెల్లపొగ: డీజిల్ మండకుండా పోతోంది లేదా నీరు కలుస్తోంది. మెకానిక్‌కు చూపించాలి.

చేయకూడని పనులు

ఎయిర్ క్లీనర్ తీసేసి బండి నడపకూడదు. గాలి కోసం డబ్బాకు అదనంగా రంధ్రాలు చేయకూడదు. పికప్ పెరుగుతుందని పంపు సీలు తీయించి డీజిల్ పెంచకూడదు. గాలి అంతే ఉండి డీజిల్ పెరిగితే నల్లపొగ, వేడి పెరుగుతాయి. ఉన్న గాలి దారిని శుభ్రంగా ఉంచుకుంటే తగ్గిన బలంలో కొంత తిరిగి వస్తుంది. అయితే ఇప్పటికే అరిగిపోయిన లైనర్‌ను ఏ ఫిల్టరూ బాగు చేయలేదు.

సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ కొనేటప్పుడు

రంగు, టైర్లు చూసి బయానా ఇవ్వకండి. ముందు ఎయిర్ క్లీనర్ గిన్నెను విప్పించండి. గిన్నె ఎండిపోయి ఉన్నా, అడుగున మట్టి గట్టిపడి ఉన్నా ఆ ఇంజన్ దుమ్ము తిన్నదని అనుమానించాలి. ఆ తర్వాత ఇంజన్ స్టార్ట్ చేయించి, ఆయిల్ పోసే మూత తీసి చూడండి. అక్కడి నుంచి పొగ జోరుగా కొడుతుంటే రింగులు, లైనర్లు అరిగినట్టే. ఆ రిపేరు ఖర్చును లెక్కలోకి తీసుకునే బేరం ఆడండి.

5 హెచ్‌పీ డీజిల్ పంపుసెట్లు, పవర్ టిల్లర్లు వాడే రైతులు కూడా తమ ఇంజన్‌కు ఉన్న ఎయిర్ క్లీనర్ ఏ రకమో చూసుకుని ఈ జాగ్రత్తలే పాటించాలి. ట్రాక్టర్ నడపడం, సంరక్షణపై శిక్షణ కావాలనుకునే వారు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థను సంప్రదించవచ్చు.

రోజూ డీజిల్ పోసేటప్పుడే ఎయిర్ క్లీనర్ గిన్నె కూడా చూసే అలవాటు చేసుకుంటే, పాత ఇంజన్ మరికొన్ని సీజన్లు ఇబ్బంది పెట్టకుండా పనిచేస్తుంది.