ఇంటి పట్వారీ

మా నల్గొండకు పాత పేరు నీలగిరి. పాలమూరు 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయ్యింది. ఇప్పటికీ బస్సులో ‘పాలమూరు ఒకటి’ అంటే కండక్టర్ టికెట్ కొడతడు. పేర్లు రెండు, పతా ఒక్కటే. పేరుకూ పతాకూ జోడీ కలిపే దఫ్తరు ఎవరి చేతిల ఉన్నదన్నదే అసలు సవాల్.

కంప్యూటర్లకూ ఈ సవాల్ వచ్చింది. అమెరికాలో ఆర్పానెట్ మీదున్న యంత్రాల పేర్లు, నెంబర్లు మొదట ఒక్కటే ఫెహరిస్త్‌లో ఉండేవి. కాలిఫోర్నియాలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. కొత్త యంత్రం వస్తే వాళ్లకే చెప్పుకోవాలె, మిగతావాళ్లంతా నకలు తెచ్చుకోవాలె. యంత్రాలు పెరిగినకొద్దీ అది మోయలేని బరువైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌కు రూపమిచ్చి, ఆ దఫ్తరును నలుగురికి పంచిపెట్టిండు.

ఈ తరీఖా మనకు కొత్తది కాదు. 1865లో మొదటి సాలార్‌జంగ్ జిలాబందీ చేసిండు. జిల్లా కింద తాలూకా, తాలూకా కింద ఊరు. ఊరి భూముల లెక్క పట్వారీ బస్తాల ఉండేది. డీఎన్ఎస్ కూడా అంతే. అన్నిటికీ పైనున్న రూట్‌కు ‘.ఇన్’ ఎవరి దగ్గరుందో తెలుసు. ‘.ఇన్’కు తన కిందివి ఎవరి దగ్గరున్నయో తెలుసు. సవాల్ మెట్టు మెట్టు దిగి, జవాబ్ ఉన్న చోటికి చేరుతది.

మరి ఇంటికి పట్వారీ ఎవరు? అబ్బా రాసిపెట్టిన ఉర్దూ కాగితాలు స్కాన్ చేసి పాత కంప్యూటర్‌లో పెట్టిన. ఒకనాడు కరెంటు పోయి వచ్చింది, రౌటర్ దానికి వేరే నెంబర్ ఇచ్చింది. అమ్మీ ఫోన్‌లో పాత నెంబర్ కొడితే ఏమీ రాలే. “మీ అబ్బా రాతలు పోయినయా బేటా?” అన్నది.

1996లో ఖరారైన కాయిదా ప్రకారం 192.168తో మొదలయ్యే నెంబర్లు గడప దాటవు. అందుకే అదే నెంబర్ మా ఇంట్లోనూ ఉంటది, పాలమూరులో ఇంకొకరింట్లోనూ ఉంటది. ఇంటి పేర్ల కోసం 2018లో ‘హోమ్.ఆర్పా’ను విడిగా కేటాయించిన్రు. నేను రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కు 192.168.1.20 పక్కా చేసిన. అందులోనే డీఎన్ఎస్‌మాస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, ‘అబ్బా.హోమ్.ఆర్పా’ అంటే ఈ నెంబర్ అని ఒక్క వరుస రాసిన. పేర్ల సంగతి దీన్నే అడగాలని ఇంట్లో ఫోన్లన్నిటికీ రౌటర్‌తోనే చెప్పించిన. ఒక చిక్కున్నది: ఆ కంప్యూటర్ బంద్ అయితే బయటి పేర్లు కూడా దొరకవు, పట్వారీ ఊర్లో లేనినాడు పహాణీ దొరకనట్టు. అందుకే దాన్ని ఇన్వర్టర్ మీద పెట్టిన.

ఇప్పుడు అమ్మీ నెంబర్ అడగదు. అబ్బా పేరు కొడతది, కాగితాలు తెరుచుకుంటయి.