స్టబ్ ఏరియా: ఒకే దారి ఉన్న జిల్లాకు రౌటింగు

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విడిపోయి జిల్లాలయ్యాయి. అప్పటిదాకా రెవెన్యూ డివిజన్ కేంద్రాలుగా ఉన్న మూడు ఊళ్లకూ కలెక్టరేట్లు వచ్చాయి. 2005 మార్చిలో రూ.3,334 కోట్లతో కేంద్రం ఆమోదించిన రాష్ట్రవ్యాప్త నెట్‌వర్కు (స్వాన్) పథకం రాష్ట్ర రాజధాని నుంచి జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి మండలానికి కనీసం 2 ఎంబీపీఎస్ లైన్లు వేయాలన్నది. ఇలా కొమ్మలుగా సాగే నెట్‌వర్కులో డివిజన్ కేంద్రం ఒక మెట్టు పైకెక్కితే రౌటర్ల మధ్య హద్దులనూ మళ్లీ గీసుకోవాలి. ఆ హద్దుల్లో స్టబ్ ఏరియా ఒకటి. దాన్ని మెమరీ ఆదా చేసే ఉపాయంగానే చాలామంది చూస్తారు. నా దృష్టిలో అది ఈ ప్రాంతం నుంచి బయటికి ఎన్ని దారులున్నాయో ఇంజినీరు రాసిచ్చే వాంగ్మూలం. దారులు మారితే వాంగ్మూలమూ మారాలి.

1979లో అర్పానెట్ లింక్-స్టేట్ పద్ధతికి మారింది. పొరుగువాడు చెప్పిన దూరాలను నమ్ముకోకుండా ప్రతి నోడూ మొత్తం పటాన్ని దగ్గరుంచుకుని, డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన లెక్క తరహాలో దగ్గరి దారి తేల్చుకోవడం దాని కీలకం. పటం పెద్దదైన కొద్దీ అందరూ మోయాల్సిన బరువూ పెరుగుతుంది. ఇదే పద్ధతిలో నడిచే రౌటింగు ప్రోటోకాల్ ఓఎస్‌పీఎఫ్, నెట్‌వర్కును ఏరియాలుగా విడదీసి ఆ బరువును తగ్గిస్తుంది. జాన్ మోయ్ రాసిన దాని తొలి ప్రమాణం 1989 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 1131గా వచ్చింది. 1991 జులైలో వచ్చిన రెండో వెర్షన్, ఆర్‌ఎఫ్‌సీ 1247, స్టబ్ ఏరియాను వివరించింది. కొన్ని నెట్‌వర్కుల్లో డేటాబేసు నిండా ఉండేవి బయటి నుంచి తెచ్చిన రూట్లే. ఒక్కటే గుమ్మం ఉన్న ఏరియాకు వాటిని ఒక్కొక్కటిగా చెప్పినా అవన్నీ ఆ గుమ్మంవైపే వెళ్తాయి. అందుకే సరిహద్దు రౌటరు బయటి రూట్లను చెప్పే టైప్ 5 ప్రకటనలను ఆపేసి, వాటి బదులు ఒక్క డిఫాల్ట్ రూట్ ఇస్తుంది. సిస్కో మరో అడుగు వేసి మిగతా ఏరియాల వివరాలను కూడా ఆపే ‘టోటల్లీ స్టబ్బీ’ని తెచ్చింది.

పెబ్బేరు, కొత్తకోట, ఆత్మకూరు మండలాల లైన్లన్నీ వనపర్తికి చేరి, అక్కడి నుంచి పైకి వెళ్తున్నాయనుకుందాం. వాటికి ఏరియా 10 అని సంఖ్య ఇస్తే, ఏరియాలోని ప్రతి రౌటరులోనూ ‘ఏరియా 10 స్టబ్’ అని ఉండాలి. దాన్ని టోటల్లీ స్టబ్బీగా మార్చే ‘నో-సమ్మరీ’ మాత్రం సరిహద్దు రౌటరులో రాస్తే చాలు. ఆత్మకూరులో ఆ ఒక్క లైను రాయడం మరిచారంటే, రౌటర్లు పొరుగువారిని పలకరించే హలో ప్యాకెట్‌లో, బయటి రూట్లు తీసుకుంటానని చెప్పే ఈ-బిట్ రెండు వైపులా కలవదు, పొరుగు సంబంధం ఏర్పడదు. లింకు లైటు పచ్చగానే వెలుగుతుంది, పక్క రౌటరుకు పింగ్ కూడా పోతుంది, ఆఫీసు మాత్రం తెగిపోయి ఉంటుంది. ఎక్కడో తీగ తెగిందని వెతికేవారు మొదట చూడాల్సింది ఈ బిట్‌నే.

1991లో మెమరీ కరువు, ఇప్పటి రౌటర్లు లక్షల రూట్లు మోస్తాయి కదా, ఇంకా ఇదెందుకని అడిగేవారున్నారు. 2011 అక్టోబరులో ఆమోదం పొంది తర్వాత భారత్‌నెట్‌గా మారిన పథకం పంచాయతీలకు ఫైబర్ తలపెట్టింది, తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల వెంటే కేబుల్ వేశారు. 2 ఎంబీపీఎస్ రోజులు పోయాయన్నది నిజమే. బయటి రూటు మారినంత మాత్రాన దగ్గరి దారుల మొత్తం వృక్షాన్ని మళ్లీ లెక్కించే పని లేదు కాబట్టి ప్రాసెసర్ వాదన కూడా బలహీనమే. అయితే ప్రతి ప్రకటననూ 30 నిమిషాలకోసారి కొత్తగా పంపాలి. హైదరాబాద్‌లో ఎవరైనా పొరపాటున వేల రూట్లను ఓఎస్‌పీఎఫ్‌లోకి వదిలితే, అవి అమ్రాబాద్ దాకా ప్రతి రౌటరునూ ముంచేస్తాయి. పులుల అభయారణ్యంలో కేబుల్ కోసం తవ్వాలన్నా అటవీ అనుమతి కావాల్సిన చోట, రౌటరు మొరాయిస్తే మనిషిని పంపడం తేలిక కాదు. ఆ వరదను నాగర్‌కర్నూల్ సరిహద్దులోనే ఆపగలగడం మెమరీ ఆదా కంటే పెద్ద లాభం.

దీనికన్నా గట్టి అభ్యంతరం గద్వాల నుంచి వస్తుంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ ఒకే దారి ఉన్న ప్రాంతం కాదు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటితే హైదరాబాద్ వైపు, తుంగభద్ర దాటితే కర్నూలు, పడమటికి రాయచూరు. అక్కడ సొంతంగా ఒక ఇంటర్నెట్ లైను తీసుకుని దాని రూట్లను ఓఎస్‌పీఎఫ్‌కు చెప్పాలంటే స్టబ్ ఒప్పుకోదు. ఈ చిక్కుకు జవాబే 1994 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 1587తో వచ్చిన ఎన్‌ఎస్‌ఎస్‌ఏ (నాట్-సో-స్టబ్బీ ఏరియా). బయటి రూట్లు ఏరియాలో టైప్ 7గా తిరిగి, సరిహద్దులో టైప్ 5గా మారతాయి. 2003లో ఆర్‌ఎఫ్‌సీ 3101 దాన్ని సవరించింది. సొంత గుమ్మం తెరిచిన రోజు గద్వాలకు ఇదే తగినది. నాగర్‌కర్నూల్‌కు మహబూబ్‌నగర్ వైపు ఒకటి, కల్వకుర్తి వైపు ఒకటి లైన్లుంటే మామూలు స్టబ్ మేలు. టోటల్లీ స్టబ్బీలో రౌటరు దగ్గరి గుమ్మాన్నే ఎంచుకుంటుంది, గమ్యానికి అది దగ్గరిదో కాదో దానికి తెలియదు. ఒకే తీగ మీద బతికే మండలాలకు మాత్రం టోటల్లీ స్టబ్బీయే సరి. రెండో ఫైబర్ వచ్చాక ‘నో-సమ్మరీ’ తీసేయడం సరిహద్దు రౌటర్ల పనే, పొరుగు సంబంధాలు తెగవు. స్టబ్‌ను ఎన్‌ఎస్‌ఎస్‌ఏగా మార్చాలంటే హలోలోని బిట్లు మళ్లీ అన్ని చోట్లా కలవాలి కాబట్టి, ఆ పనిని ఆఫీసులు మూసిన రాత్రివేళ, దూరపు మండలం నుంచి మొదలుపెట్టి చేయాలి.