పాత కారూ, పోలీసు ఈలా

మా ఇంట్లో పాత వస్తువులకు కొదవ లేదు. రుబ్బురోలు ఉంది, ఇత్తడి బిందెలున్నాయి, మావారున్నారు, నేనున్నాను. అందరిలోకీ ఎక్కువ మర్యాద మాత్రం వసారా పక్క షెడ్డులో ఉండే అంబాసిడరు కారుది. 1964 మోడలు, మార్క్ టూ. మా మామగారు కొన్నది. నాకు జ్వరమొస్తే "ఓ మాత్ర వేసుకుని పడుకోరాదూ" అనే మావారు, దానికి కాస్త దగ్గు వస్తే చాలు, అన్నం ముందు నుంచి లేచి మెకానిక్కు కోసం పరుగెడతారు.

ఆదివారంనాడు తెల్లవారకముందే లేచి, బాపట్ల నుంచి చీరాల దాకా ఆ కారులో వెళ్ళి, అక్కడ కాఫీ తాగి తిరిగి రావడం మాకు అలవాటు. 15 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది దూరం. ఎండ ఎక్కితే లారీలూ బస్సులూ ఊపిరాడనివ్వవు గానీ, ఆ వేళప్పుడు రోడ్డు మనదే. సముద్రం వైపు నుంచి చల్లగాలి వీస్తూంటుంది. మా కారు తన వయసుకి తగ్గట్టు నింపాదిగా నడుస్తుంది. వెనకనుంచి వచ్చిన మోటారు సైకిళ్ళ కుర్రాళ్ళు మమ్మల్ని దాటిపోతూ, వెనక్కి తిరిగి నవ్వుతూంటారు. మేమూ నవ్వుతాం.

మొన్నా మధ్య ఒక ఆదివారం కారు నేనే నడుపుతున్నాను. ఊరు దాటామో లేదో, కీచుమని ఈల. చెయ్యి అడ్డంగా చాపి కానిస్టేబులు నిలబడ్డాడు. గుండె ఝల్లుమంది. లైసెన్సుంది, కాగితాలున్నాయి, ఏ తప్పూ చెయ్యలేదు. అయినా పోలీసు చెయ్యెత్తగానే, చిన్నప్పుడు పక్కింటి జామకాయ దొంగిలించిన సంగతితో సహా అన్నీ గుర్తొస్తాయెందుకో!

"బెల్టు పెట్టుకోలేదేంటమ్మా?" అన్నాడు.

"లేదు నాయనా."

"అదే, ఎందుకు పెట్టుకోలేదని."

"కారుకే లేదు నాయనా, పెట్టుకోవడానికి."

అతను వంగి లోపలికి చూశాడు. ఇటు తలుపు పక్కనా లేదు, అటు తలుపు పక్కనా లేదు. బెల్టు లేకుండా తిరగడం తప్పు. 2019లో చట్టం సవరించాక దానికి జరిమానా వెయ్యి రూపాయలు. మరి బెల్టే లేని కారుని ఏం చెయ్యాలి? అతను ఎస్సైగారిని పిలిచాడు. ఆయన కుర్రవాడే, మా అబ్బాయి ఈడుంటాడు. మావారు నెమ్మదిగా రూలు చెప్పారు. ముందు సీట్లకి బెల్టులు బిగించే అమ్మాలని కార్ల కంపెనీలకు నిబంధన వచ్చింది 1994లో. పెట్టుకు తీరాలన్న నిబంధన అలా బెల్టులున్న బళ్ళకి. మాది అంతకు 30 ఏళ్ళ ముందు పుట్టింది. ఎస్సైగారు ఎవరికో ఫోను చేసి కనుక్కున్నారు. కాగితాలన్నీ చూశారు. చివరికి ఫోను జేబులో పెట్టుకుని, "మేడమ్, ఒక్కసారి హారను కొట్టి చూడొచ్చా?" అన్నారు.

కొట్టారు కూడాను.

నవ్వుకుంటూ బయల్దేరాం గానీ, నాకో సందేహం పట్టుకుంది. అసలు కారుకీ పోలీసుకీ ఈ సంబంధం ఎప్పుడు మొదలైందీ అని. రిటైరైన పంతులమ్మని కదా, సందేహం వస్తే ఊరుకోలేను. పుస్తకాలు తిరగేశాను.

ఇంగ్లండులో 1865లో ఒక చట్టం చేశారట. గుర్రం లేకుండా ఆవిరితో నడిచే బండి ఏదైనా సరే, పల్లెల్లో గంటకు నాలుగు మైళ్ళు, ఊళ్ళో రెండు మైళ్ళు మించకూడదు. బండికి ముగ్గురు మనుషులుండాలి. అందులో ఒకడు అరవై గజాల ముందు ఎర్రజెండా పట్టుకుని నడవాలి. గుర్రాలు బెదిరిపోతాయని ఆ జాగ్రత్త. గంటకు రెండు మైళ్ళంటే మన పెళ్ళి ఊరేగింపు నయం! ఎర్రజెండా నిబంధన తరవాత సడలింది గానీ, వేగం సంగతి మాత్రం చాలాకాలం అలాగే ఉండిపోయింది.

1896 జనవరిలో కెంట్ జిల్లాలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన గంటకు ఎనిమిది మైళ్ళ "భయంకరమైన" వేగంతో కారులో పోతూంటే, ఒక కానిస్టేబులు సైకిలెక్కి వెంటబడి పట్టుకున్నాడు. అతివేగానికి శిక్షపడిన మొట్టమొదటి మోటారు మనిషి ఆయనేనని చెబుతారు. ఆ నేరానికి వేసిన జరిమానా ఒక్క షిల్లింగు. ఆ సంవత్సరమే నవంబరులో వేగపు హద్దు పద్నాలుగు మైళ్ళకు పెంచారు. ఆ సంతోషంలో మోటారు పెద్దమనుషులు లండను నుంచి బ్రైటన్‌కు ఊరేగింపుగా వెళ్ళారు. దాని జ్ఞాపకంగా ఇప్పటికీ పాతకాలపు కార్లు ఏటా ఆ దారినే వెళుతున్నాయి.

హద్దు పెంచితే తగువు తీరిందా? లేదు. పోలీసులు పొదలచాటున గడియారాలు పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. 1905లో కార్లవాళ్ళు ఒక సంఘం పెట్టుకుని, సైకిళ్ళమీద మనుషుల్ని తిప్పి, "ముందు పోలీసులున్నారు" అని హెచ్చరించే ఏర్పాటు చేసుకున్నారు. అలా చెప్పడం పోలీసుల పనికి అడ్డు తగలడమేనని 1910లో కోర్టు తేల్చింది. అప్పుడో ఉపాయం పన్నారు. సంఘం బిళ్ళ ఉన్న కారు కనబడగానే ఆ సైకిలు మనిషి సలాం చెయ్యాలి. చెయ్యలేదూ, ముందు ఏదో ఉందన్న మాట! సలాం చెయ్యనందుకు ఎవరిని మాత్రం జైల్లో పెడతారు? అత్తగారు పలకరించడం లేదంటే ఏదో రాబోతోందని గ్రహించే కోడళ్ళకి ఈ కిటుకు కొత్తేం కాదు.

వీళ్ళందరికన్నా నాకు నచ్చింది బెర్తా బెంజ్. కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ గారి భార్య. ఆయన బండిని తయారుచేశాడే గానీ, దూరం తీసుకెళ్ళి నలుగురికీ చూపించే ధైర్యం చెయ్యలేదు. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఆవిడ భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులనూ ఎక్కించుకుని, మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. నూనె అయిపోతే, మందుల షాపులో మరకలు పోగొట్టడానికి అమ్మే ద్రావకం కొని పోసింది. గొట్టానికి ఏదో అడ్డం పడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడిచేత తోలు కొట్టించింది. ఎత్తులొస్తే పిల్లలు దిగి తోశారు. అంత శాస్త్రజ్ఞుడూ చెయ్యలేని పనిని పుట్టింటి ప్రయాణం చేయించిందంటే, పుట్టింటి మహిమ ఎంతటిదో చూడండి!

మన దేశంలో మోటారు బళ్ళకు దేశమంతటికీ కలిపి చట్టం 1914లో వచ్చింది. ప్రతి బండికీ రిజిస్టరు, నంబరు, నడిపేవాడికి లైసెన్సు ఉండాలన్నారు. తరవాత 1939లో ఇంకొకటి, 1988లో ఇప్పుడున్న చట్టం వచ్చాయి. ఆ తొలిరోజుల్లో కారంటే దొరలకో, జమీందార్లకో, పేరుమోసిన ప్లీడర్లకో ఉండేది. కారుని పోలీసు ఆపే మాట అటుంచి, పక్కకు జరిగి సలాం చేసేవాడని మా మామగారు చెప్పేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకి రేషను వచ్చాక ఆ వైభవం తగ్గింది. వెనక పొయ్యి తగిలించుకుని, బొగ్గు గ్యాసుతో నడిచే బొగ్గు బస్సులు వచ్చాయి. దిగినవాళ్ళ మొహాలు చూస్తే వంటింట్లోంచి వచ్చారో, బస్సులోంచి వచ్చారో తెలిసేది కాదట. అంబాసిడరు 1957లో మొదలై 2014లో ఆగిపోయింది. కలెక్టరు కారూ అదే, డాక్టరుగారి కారూ అదే, పోలీసు పెద్దలు ఎక్కే కారూ అదే. మా కారుని చూసి ఎస్సైగారికి హారను కొట్టాలనిపించడంలో వింతేముంది?

ఇంతవరకూ కథ సరదాగానే ఉంది. కానీ ఆ ఆదివారం హారను ముచ్చట ముగించుకుని బయల్దేరిన కాసేపటికి స్టువర్టుపురం వచ్చింది. మా స్కూల్లో నాతోపాటు పనిచేసిన ఒక టీచరుగారిది ఆ ఊరే. స్టాఫ్ రూములో ఒకసారి నేను మా కారు షికార్ల గురించి గొప్పలు చెబుతూంటే, ఆవిడ చాలాసేపు విని, "మా తాత ఈ రోడ్డుమీద పక్క ఊరికి వెళ్ళాలంటే చీటీ ఉండాలండీ" అంది. నాకు అర్థం కాలేదు. ఆవిడే విడమర్చి చెప్పింది.

తెల్లవాళ్ళ ప్రభుత్వం కొన్ని కులాలను మొత్తంగా "నేరస్థ జాతులు" అని చట్టం చేసి ముద్ర వేసింది. 1871లో ఉత్తరాదిన మొదలైన ఆ చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. అందులో పడ్డవాళ్ళలో ఎరుకలవాళ్ళు ఒకరు. ఉప్పు, ధాన్యం గాడిదలమీద వేసుకుని ఊరూరా తిరిగి బతికిన మనుషులు. రైళ్ళూ, ఉప్పు పన్నూ వచ్చి ఆ వ్యాపారం దెబ్బతిన్నాక, తిరగడమే వాళ్ళ నేరమైంది. 1913లో వాళ్ళకోసం బాపట్లకూ చీరాలకూ మధ్య ఒక సెటిల్మెంటు వెలిసింది. నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీది. గవర్నరు కౌన్సిలులో ఉన్న హెరాల్డ్ స్టువర్టు దొరగారి పేరు ఊరికి పెట్టారు. అక్కడివాళ్ళ పేర్లు రిజిస్టరులో రాసుకోవచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు. వేళకు హాజరు చెప్పాలి. పొలిమేర దాటాలంటే అనుమతి చీటీ కావాలి. నేరం చేసినవాడికే కాదు, ఆ కులంలో పుట్టినవాడికి!

ఆ సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు మనసు చివుక్కుమంది. 1911లో మనుషులకి రిజిస్టరు. 1914లో కార్లకి రిజిస్టరు. ఒకే రోడ్డు. దాని మీద కారు ఎక్కినవాడికి సలాం, కాలినడకన పోయేవాడికి "చీటీ ఏదిరా?" అన్న కేక. కారుకి నంబరు కట్టింది అది తప్పుచేస్తే పట్టుకోవడానికి. మనిషిని రాసుకున్నది తప్పు చెయ్యకముందే పట్టుకోవడానికి.

ఆ చట్టాన్ని మద్రాసు రాష్ట్రంలో 1947లో, మొత్తం దేశంలో 1952లో రద్దు చేశారు. కానీ చట్టం పోయినంత సులువుగా ముద్ర పోదు. 1970లలో గుర్రం జాషువాగారి అమ్మాయి హేమలతా లవణంగారు, భర్త లవణంగారితో కలిసి ఆ ఊరికి వచ్చి, గడప గడపా తొక్కి, అక్కడివాళ్ళ కొత్త జీవితాలకు దారి వెయ్యడానికి పాటుపడ్డారు. అయినా 1991లో "స్టువర్టుపురం పోలీస్ స్టేషన్" అని సినిమా వచ్చేసరికి జనానికి ఆ పేరు అలాగే గుర్తుండిపోయింది. "ఉద్యోగం ఇంటర్వ్యూలో ఊరి పేరు చెప్పడానికి మా అన్నయ్య బాపట్ల దగ్గర అని ఊరుకునేవాడండీ" అంది మా టీచరుగారు. అది చీటీ కాక మరేమిటి?

అందుకే ఆ రోజు ఎస్సైగారు నవ్వుతూ పంపించినందుకు నాకు సంతోషంతోపాటు కాస్త సిగ్గు కూడా వేసింది. నా జరిమానా బెడద వెయ్యి రూపాయలది, రెండు నిమిషాలది.

ఇప్పుడు మా ఇంట్లో ఇంకో చర్చ నడుస్తోంది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం పాతకాలపు బళ్ళకు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను అయి 50 ఏళ్ళు దాటి, పెద్దగా మార్పులు చెయ్యని బండిని "వింటేజి" అని నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. గౌరవమే గానీ, దానికో మెలిక ఉంది. ఆ తరవాత బండిని రోజువారీ పనులకి వాడకూడదు. ప్రదర్శనలకీ, పాత కార్ల ర్యాలీలకీ, మరమ్మతుకీ, పెట్రోలు పోయించుకోవడానికీ మాత్రమే రోడ్డెక్కాలి. మావారు చేయిద్దామంటారు. నేను వద్దంటాను.

చీరాల పక్కన పుట్టి పెరిగినదాన్ని, నాకు చీరల సంగతి తెలుసు. కట్టుకున్న చీర అంచు దగ్గర మాస్తుంది, ఉతికితే పోతుంది. బీరువాలో దాచిన జరీ చీర మడతల దగ్గర చిరుగుతుంది. దానికి మందు లేదు. మా కారు నడిచినన్నాళ్ళు నడవనీ, ఫిట్‌నెస్సుకి పంపించి అయిదేళ్ళకోసారి పొడిగించుకుందాం అన్నాను. మావారు ఇంకా ఆలోచిస్తున్నారు. ఆయన ఆలోచన కూడా మార్క్ టూ వేగమే.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరం ఏకమయ్యాం. రూలు అక్కర్లేదంది కదా అని ప్రాణం ఊరుకోదు. మెకానిక్కుని పిలిచి ముందు సీట్లకు రెండు బెల్టులు బిగించమన్నాం. మార్పు చిన్నదే కాబట్టి కారు మర్యాదకు భంగం లేదని మావారు తనకు తాను నచ్చజెప్పుకున్నారు.

వచ్చే ఆదివారం మా టీచరుగారిని కూడా రమ్మన్నాను. వాళ్ళ ఊరి దగ్గర ఎక్కించుకుని చీరాల వెళతాం. ముందు సీటు ఆవిడదే అని చెప్పాను. "వెనకాల మీవారు కూర్చుంటారా?" అని నవ్వింది.

కూర్చుంటారు. కూర్చోక ఏం చేస్తారు?