రాబిన్సన్ పార్కు హారన్ నుంచి కారు స్పీకర్ దాకా

పోస్టు కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల కారులో పెద్ద ఆంప్లిఫయరు, డిక్కీలో సబ్‌వూఫరు పెట్టించాను. నాన్నగారిని ఎక్కించుకుని ఘంటసాల పాట పెట్టాను. రెండు నిమిషాలు విని, "గుండె అదురుతోంది గానీ, మాట తెలియడం లేదురా" అన్నారు. చిన్నప్పుడు మన రాయపురం రాబిన్సన్ పార్కులో హారన్ల కింద నిలబడి మీటింగులు విన్న మనిషి ఆయన. అప్పుడు తెలిసిన మాట ఇప్పుడెందుకు తెలియడం లేదు?

1949 సెప్టెంబరులో అన్నాదురై గారు డి.ఎం.కె. పార్టీ ప్రారంభాన్ని ప్రకటించింది ఆ పార్కులోనే, జోరువానలో. ఆ రోజుల్లో మీటింగులకు వాడే ఆంప్లిఫయర్ల వాట్లు కొద్దే. హారన్ బాస్ జోలికి పోదు. మనిషి గొంతు ఉండే మేర మాత్రమే పట్టుకుని, తక్కువ కరెంటుతో దూరం పంపుతుంది.

పాటకు అది చాలదు. మృదంగమూ కావాలి, తాళమూ కావాలి. ఈ చిక్కు ముందుగా సినిమా హాళ్ళకు వచ్చింది. 1930ల నడుమ హాలీవుడ్ ఎం.జి.ఎం. సంస్థలో డగ్లస్ షియరర్ బృందం కింది స్వరాలకు ఒక స్పీకరు, పై స్వరాలకు మరొకటి పెట్టి, మధ్యలో శబ్దాన్ని పంచే సర్క్యూట్ అమర్చింది. ఆ పంపకమే క్రాసోవర్.

1930లోనే చికాగోలో పాల్ గాల్విన్ కంపెనీ కారు రేడియో తెచ్చి, దానికి మోటరోలా అని పేరు పెట్టింది. కార్లలో చాలా ఏళ్ళు ఒక్క స్పీకరుతోనే గడిచింది. లింక్‌విట్జ్, రైలీ అనే ఇంజనీర్లు రూపొందించిన, రెండు స్పీకర్లు కలిసే చోట శబ్దం ఎత్తుపల్లాలు లేకుండా సాగే క్రాసోవర్ పద్ధతిని 1976లో లింక్‌విట్జ్ ప్రచురించారు. ఇవాళ ఎన్నో కారు ఆంప్లిఫయర్లలో ఉన్నది అదే.

ఈ చరిత్ర చదివాక నా తప్పు తెలిసింది. నేను వాట్లు కొన్నాను. ముందు చూడాల్సింది స్పీకరు సెన్సిటివిటీ. 88 డెసిబెల్స్ స్పీకరుకు 50 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం, 91 డెసిబెల్స్ స్పీకరుకు 25 వాట్లకే వస్తుంది. మూడు డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి మరి.

మళ్ళీ అన్నీ విప్పి సరిచేశాను. డోరు స్పీకర్లకు 80 హెర్ట్జ్ కింద కోత పెట్టి, ఆ కింది భాగం సబ్‌వూఫరుకు వదిలాను. ట్వీటర్లకు సుమారు 3,000 హెర్ట్జ్ పైనుంచే ఇచ్చాను. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు. స్టీరియోను ముప్పాతిక దాకా పెంచి, గెయిన్‌ను మెల్లగా తిప్పుతూ, గొంతు చీలగానే కాస్త వెనక్కి తగ్గించాలి. నాకు అమర్చినవాళ్ళు దాన్ని చివరిదాకా తిప్పేశారు. అలా చీలిన శబ్దమే ట్వీటర్లను కాల్చేస్తుంది. ఇంకొకటి, బ్యాటరీ నుంచి వచ్చే తీగకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి. లేకపోతే తీగ ఎక్కడైనా ఒరుసుకుంటే నిప్పే.

చివరికి సబ్‌వూఫరు సగానికి తగ్గించాను. మొన్న ఆదివారం నాన్నగారు పార్కు దాటేదాకా పాటతో పాటు పాడుతూనే ఉన్నారు. ఒక్క మాట కూడా తప్పలేదు.

మీ పిల్లలు కారుకు సెట్టు కొంటామంటే, డబ్బు కట్టే ముందు ఇంట్లో పెద్దవాళ్ళకు ఓసారి వినిపించమనండి.