కోడిజుట్టు నుండి రక్తపరీక్ష వరకు

చిత్తూరు సీమలో కోడెదూడను మడకకు కట్టదలచిన రైతు ముందుగా దాని బీజములు నొక్కించును. కోడె పొగరు తగ్గి ఎద్దగును. దాని వలన సంతానము కలుగదు. ఒక అవయవము పనిచేయకున్న దేహము, స్వభావము కూడ ఏల మారవలెను? రైతు ఫలిత మెరుగును గాని కారణ మెరుగడు. ఆ కారణమును వెదకిన చరిత్రయే నేడు పురుషుల సంతానరాహిత్యమునకు చేయు హార్మోను పరీక్షలకు మూలము.

1849లో జర్మనీలోని గొట్టింగెన్ నగరమున బెర్తోల్డ్ అను శాస్త్రజ్ఞుడు ఆరు లేత కోడిపుంజులపై ప్రయోగము చేసెను. వృషణములు తీసివేసిన పుంజులకు తలపై ఎర్రని జుట్టు పెరుగలేదు. అవి పుంజులవలె కూయలేదు, పోరాడలేదు. కొన్నింటి కడుపులో వృషణమును తిరిగి నాటగా అవి మామూలు పుంజులే అయ్యెను. నాటిన వృషణమునకు పాత నరములతో సంబంధము లేదు. కనుక అది రక్తము ద్వారా దేహమును మార్చుచున్నదని తేలెను. అట్టి పదార్థములకు ‘హార్మోను’ అను పేరు 1905లో వచ్చెను.

పదార్థమున్నదని తెలిసినను దానిని కొలుచుట కష్టమయ్యెను. 1930 ప్రాంతమున కొలబద్ద మరల కోడియే. వృషణములు తీసిన పుంజునకు సారమును సూదితో ఎక్కించి, జుట్టు ఎంత పెరిగెనో కొలిచెడివారు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రజ్ఞులు సుమారు 100 కిలోల ఆబోతు వృషణముల నుండి 10 మిల్లీగ్రాముల టెస్టోస్టిరోనును వేరుపరచిరి. పురుషుని రక్తమున ఇది మిల్లీలీటరునకు సుమారు 3 నుండి 10 నానోగ్రాములు మాత్రమే. నానోగ్రామనగా గ్రాములో నూరుకోట్లవ వంతు. ఇంత స్వల్పమును కోడిజుట్టుతో కొలుచుటెట్లు? 1960 ప్రాంతమున న్యూయార్కులో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అనువారు రేడియోధార్మిక పరమాణువులను గురుతుగా వాడి రక్తములోని ఇన్సులినును కొలిచిరి. తరువాత అదే మార్గమున ఇతర హార్మోనులును కొలతకు లొంగెను. అందులకు యాలోకు 1977లో నోబెల్ బహుమతి లభించెను. బెర్సన్ 1972లోనే మరణించెను.

ఈ కొలత వలన లోపమెచ్చట నున్నదో తెలియును. మెదడు అడుగుననున్న పీయూష గ్రంథి ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. అను రెండు హార్మోనులతో వృషణములకు ఆజ్ఞలిచ్చును. వృషణము చెడినచో గ్రంథి ఆజ్ఞలను పెంచును, రక్తములో ఎఫ్.ఎస్.హెచ్. హెచ్చుగా కనబడును. టెస్టోస్టిరోనుతోపాటు ఆజ్ఞలును తగ్గినచో లోపము వృషణములో గాక పైన నున్నది. అట్టివారిలో పెక్కుమందికి హార్మోను సూదిమందులతో శుక్రకణములు పుట్టును. హార్మోనులన్నియు సరిగా నుండియు శుక్రకణములు బొత్తిగా కనబడనిచో మార్గము మూసికొనియుండవచ్చును. టెస్టోస్టిరోను తక్కువని దానినే మందుగా వాడినచో గ్రంథి తన ఆజ్ఞలను తగ్గించుకొనును. శుక్రకణములు ఇంకను క్షీణించును.

తిరుపతిలో 1960లో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల, 1993లో శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వెలసెను. రెండవదానిలో హార్మోను వ్యాధులకు ప్రత్యేక విభాగము కలదు. బిడ్డలు లేని ఇంట నింద భార్యపై మోపుట మన సీమలో పాత అలవాటు. కాని బిడ్డలు లేని దంపతులలో దాదాపు సగముమంది విషయమున పురుషుని లోపము కూడ కారణమని వైద్యుల అనుభవము. ఎద్దు సంగతి ఎరిగిన రైతునకు ఇది కొత్తమాట కాదు. కనుక పరీక్ష భార్యతోపాటు భర్తకును జరుగవలెను.